చిన్నా, ఆ 35 పౌండ్ల కిల్ట్ కొనకు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకి కట్టే ఆ గళ్ల కుచ్చిళ్ల కిల్ట్, దాని ముందు వేలాడే స్పోరన్ సంచి, బెల్టు, సాక్సులు, పిన్ను అన్నీ కలిపి 35 పౌండ్లంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయినా కొనకు. చవక వస్తువులు కొనొద్దని కాదు నేననేది. దానికి ఇంకో పాతిక కలిపితే ఈ గ్లాస్గోలోనే ఎవరో వాడిన అసలైన ఉన్ని కిల్ట్ దొరుకుతుంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో కిల్ట్‌లకి బకిల్స్ జరుపుతూ, చిరిగిన లైనింగులు మారుస్తూ ఉన్నాను కదా, ఏ బట్ట ఎన్నాళ్లు నిలుస్తుందో ముట్టుకుంటే తెలిసిపోతుంది.

ముందు ఒక లెక్క తేల్చుకో. నీ ఫ్రెండ్ పెళ్లి ఒక్కదానికే అయితే కొనడం దండగ, అద్దెకి తెచ్చుకో. స్లేటర్స్ లాంటి షాపుల్లో కోటు దగ్గర్నుంచి బూట్ల దాకా అన్నీ ఇస్తారు. సెట్టుని బట్టి సుమారు 70 నుంచి 100 పౌండ్ల దాకా అవుతుంది. తిరిగిచ్చేశాక డ్రైక్లీనింగ్ గొడవ కూడా వాళ్లదే. కానీ నువ్వేమో ఆగస్టులో పెళ్లి, చలికాలంలో గ్రాడ్యుయేషన్, ఆ తర్వాత డిసెంబర్ 31 రాత్రి హాగ్మనే డాన్సు అంటున్నావు. మూడుసార్లు అద్దె కట్టే డబ్బుతో పాత కిల్ట్‌లు రెండు మూడు వస్తాయి. కాబట్టి కొను. కానీ కిల్ట్ ఒక్కటే కొను, సెట్టు వద్దు. సెట్టు పేరుతో అమ్మేవాళ్లు అన్నిట్లోనూ కొంచెం కొంచెం నాసిరకం కలిపేస్తారు.

కొత్తది, చేత్తో కుట్టింది కొనాలంటే 500 పౌండ్ల పైమాటే. ఆ రేటు విని దోపిడీ అనుకోకు. మగవాళ్ల మంచి కిల్ట్‌కి 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. రెట్టింపు పన్నా బట్ట 4 గజాలు తీసుకుని, పొడుగునా రెండుగా చీల్చి, ఆ రెండింటినీ కలిపి కుడతారు. అతుకు ఏదో ఒక కుచ్చిలి లోపల దాక్కుంటుంది, నువ్వు వెతికినా కనపడదు. వెనకాల ఒక్కో కుచ్చిలి పెట్టేటప్పుడు గళ్లు ఎక్కడా తెగకుండా, కుచ్చిలి పెట్టని బట్టలాగే కనపడేలా సరిచూసుకుంటూ పోవాలి. నడుము నుంచి పిరుదుల దాకా ఆ కుచ్చిళ్లన్నీ చేతికుట్టుతో బిగిస్తారు, దాన్ని ఫెల్ అంటారు. అలవాటున్న చేతికి కూడా రెండు మూడు రోజుల పని.

అంత డబ్బు పోసి కుట్టించుకున్నవాళ్లు ఏం చేస్తారు? సొంత పెళ్లికి ఒకసారి, తమ్ముడి పెళ్లికి ఒకసారి, మధ్యలో రెండు పార్టీలకి వేసుకుంటారు. తర్వాత పొట్ట వస్తుంది. కిల్ట్ పెరగదు కదా! బీరువాలో పదేళ్లు వేలాడి, చివరికి భార్య ఒక శనివారం ఇల్లు సర్దుతూ చారిటీ షాపులో ఇచ్చేస్తుంది. స్కాట్లాండ్ మగవాళ్ల నడుములు పెరగడమే నీలాంటివాడికి కలిసొచ్చే విషయం. సన్నగా ఉన్నావు, ఆ అదృష్టాన్ని వాడుకో.

నువ్వు ఫొటో పంపిన దాని సంగతికొస్తే, అది అక్రిలిక్, అంటే ఉన్నిలా కనపడే సింథటిక్ బట్ట. అలాంటివి చాలావరకు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి. ఆ ఊరివాళ్లకి పని రాక కాదు. బ్యాగ్‌పైపులు, బ్యాండువాళ్ల యూనిఫాములు తయారుచేసి ప్రపంచమంతా పంపే ఊరు అది. కానీ ఆ రేటుకి ఎవరైనా అంతకంటే ఏ బట్ట వాడతారు? అక్రిలిక్‌కి కుచ్చిలి నిలవదు, కూర్చున్నచోట మెరుపు తేలుతుంది. కేలీలో, అంటే ఇక్కడి జానపద డాన్సుల పార్టీలో, స్ట్రిప్ ద విల్లో అనే డాన్సు ఆడేటప్పుడు నిన్ను చేతులు పట్టి గిరగిరా తిప్పుతారు చూడు, అప్పుడు బరువైన ఉన్ని కుచ్చిళ్లు ఒక్కసారిగా విచ్చుకుని మళ్లీ వాటంతటవే సర్దుకుంటాయి. అక్రిలిక్ కాళ్లకి చుట్టుకుంటుంది. మరీ డబ్బు లేకపోతే పాలీవిస్కోస్ అనే మిశ్రమ బట్టది చూడు, అక్రిలిక్ కంటే నయం, వానలో తడిసినా బాధ లేదు. అది కూడా పాత ఉన్ని దొరక్కపోతేనే.

ఇప్పుడు కొలతలు. ఈ భాగం రెండుసార్లు చదువు. నీ జీన్స్ సైజు 32 అని కిల్ట్ కూడా 32 కొనకు. జీన్స్ తుంటి మీద నిలుస్తుంది, కిల్ట్ బొడ్డు దగ్గర కట్టాలి. టేపు బొడ్డు చుట్టూ తిప్పి ఒక కొలత, పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట ఒక కొలత, బొడ్డు దగ్గర్నుంచి మోకాలి చిప్ప మధ్యకి ఇంకో కొలత. మూడోది నువ్వు తీసుకోకు. వంగి చూసేసరికి అంగుళం, అంగుళంన్నర తేడా వస్తుంది. నిటారుగా నిలబడి రూమ్మేట్‌ని తియ్యమను. పొట్ట లోపలికి పీల్చకు, పెళ్లిలో భోజనం చేస్తావు.

మూడింట్లో పొడుగు ముఖ్యం. ఎందుకో చెప్తాను. ప్యాంటు అయితే పొడుగెక్కువ ఉంటే కింద మడిచి కుట్టేస్తాం. కిల్ట్‌కి కింద మడత ఉండదు, మగ్గం మీద నేసిన అంచే దాని కింది అంచు. దాన్ని కత్తిరిస్తే అంతటితో కిల్ట్ పని అయిపోయినట్టే. పైనుంచి తగ్గించాలంటే మొత్తం విప్పి మళ్లీ కొత్తది కుట్టినంత పని. అందుకని పొడుగు సరిపోని కిల్ట్ ఎంత చవకైనా వదిలెయ్. నడుము అంగుళం రెండంగుళాలు తేడా ఉంటే పర్లేదు, బకిల్స్, పట్టీలు జరిపితే సరిపోతుంది. మూడంగుళాలు బిగుతైతే మాత్రం నేను కూడా ఏం చెయ్యలేను.

ఎక్కడ వెతకాలి అంటే, బైర్స్ రోడ్ వైపు చారిటీ షాపులు ముందు చూడు. డబ్బున్నవాళ్లు ఉండే పేటల్లో మంచి బట్టలు వస్తాయి, ఇది మన హైదరాబాదులోనైనా అంతే. ఒక్కసారి వెళ్లి లేదని వచ్చేయకు. కౌంటర్ దగ్గరుండే పెద్దావిడతో మాట కలుపు, మగవాళ్ల కిల్ట్ వస్తే పక్కన పెట్టమని అడుగు. శని, ఆదివారాల్లో బారాస్ మార్కెట్ ఉంటుంది, అక్కడ బేరం ఆడొచ్చు. బేరంలో మొహమాటపడకు, మీ నాన్న పోలిక రానివ్వకు. ఎడిన్‌బరో వెళ్లే పనుంటే గ్రాస్‌మార్కెట్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్స్ అని పాతబట్టల షాపుంది, అందులోకి దూరి చూడు. రాయల్ మైల్ మీద టూరిస్టు షాపుల్లో మాత్రం కొనకు. అక్కడ చవకగా వేలాడేవి నువ్వు ఫొటో పంపినలాంటివే.

చాలామంది అడగని చోటు ఒకటుంది, అద్దె షాపులే. అద్దెకిచ్చి కొంచెం పాతబడ్డవాటిని వాళ్లు అమ్మేస్తుంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో నిన్ను పట్టించుకోరు, కాస్త ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి ‘ఎక్స్ హైర్ ఉన్నాయా’ అని అడుగు. వాటిలో బట్ట గట్టిది, కుట్టు గట్టిది, ఎందుకంటే వారం వారం కొత్త మనిషి వేసుకునేది. అలాగే బ్యాగ్‌పైపులు వాయించే పైప్ బ్యాండ్‌లు తమ టార్టన్, అంటే గళ్ల డిజైను, మార్చినప్పుడు పాత యూనిఫాములు అమ్ముకుంటాయి. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరుగుతాయి, నీకు వాయిద్యం మీద ఇష్టం లేకపోయినా ఆ రోజు వెళ్లి నలుగురితో మాట్లాడితే నష్టం లేదు. పెళ్లికి అందకపోయినా గ్రాడ్యుయేషన్‌కి పనికొస్తుంది. ఆర్మీవాళ్ల పాత కిల్ట్‌లు కూడా వస్తాయి. గోడలా మందంగా ఉంటాయి, చలికాలానికి బాగుంటాయి. ఆగస్టు డాన్సులో మాత్రం చెమటతో ఉడికిపోతావు. గజానికి 13 ఔన్సుల బట్ట నీకు సరిపోతుంది, 16 ఔన్సులది దొరికితే ఇంకా బాగా వేలాడుతుంది.

ఈబే, గమ్‌ట్రీల్లో చూస్తే మూడు ఫొటోలు అడుగు. వెనక కుచ్చిళ్లు, లోపలి లైనింగు, టేపు పెట్టి తీసిన పొడుగు. పంపనివాడి దగ్గర కొనకు.

చేతిలోకి తీసుకున్నాక ఇలా చూడు. మొదట కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఎత్తిపట్టు. చిన్న చిన్న చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అవి పురుగు కొట్టిన చిల్లులు. కుచ్చిలి మడతల లోపల కూడా విప్పి చూడు, పురుగు చీకట్లోనే తింటుంది. తర్వాత ఫెల్ మీద వేలితో రాయి, కుట్లు ఎక్కడైనా వదులయ్యాయా, గళ్లు అడ్డంగా ఒకే వరసలో కలిశాయా చూడు. లోపల లైనింగు కింద గట్టిగా కాన్వాస్ తగలాలి. అది లేకపోతే నడుము దగ్గర ముడతలు పడి జారుతుంది. పట్టీలు తోలువి ఉండాలి, వెల్‌క్రో కనపడితే కింద పెట్టేసెయ్. అది ఉన్నేనా కాదా అని అనుమానమొస్తే కొన్నాక లోపలి అంచు నుంచి ఒక్క పోగు లాగి కాల్చు. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదైతే ఉన్ని, కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్. షాపులో మాత్రం కాల్చకు తండ్రీ.

ఇంకో జాగ్రత్త. చారిటీ షాపుల్లో కిల్ట్ అని వేలాడేవాటిలో ఎక్కువ ఆడవాళ్ల స్కర్టులు. బట్ట పల్చగా, కుచ్చిళ్లు లోతు లేకుండా ఉంటాయి. మగవాళ్ల కిల్ట్ పైపొర కుడి తుంటి మీద ముగుస్తుంది, బకిల్స్ అక్కడుంటాయి.

టార్టన్ గురించి నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. ‘మనకి క్లాన్, అంటే వాళ్లలా వంశం, లేదు కదా, ఎవరైనా ఏమైనా అంటారేమో’ అన్నావు. ఎవరూ ఏమీ అనరు. ఏ క్లాన్ ఏది వేసుకోవాలని చట్టం లేదు. క్లాన్‌కొక టార్టన్ అనే పద్ధతి కూడా వాళ్లు చెప్పుకునేంత పాతది కాదు. 1746 చట్టంతో హైలాండ్ వేషమే నిషేధించారు, 1782లో ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చి కిల్ట్ వేసుకున్నాక ఈ పేర్ల మోజు బాగా ముదిరింది. ఇప్పుడు ప్రభుత్వం నడిపే టార్టన్ రిజిస్టర్‌లో సింగ్ పేరుతో కూడా ఒక టార్టన్ ఉంది. రాజకుటుంబం తమకే ఉంచుకున్న బాల్మోరల్ లాంటివి వదిలేస్తే నీకు ఏది నచ్చితే అది. బ్లాక్ వాచ్ అనే టార్టన్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకో. ముదురు నీలం, ఆకుపచ్చ, ఏ చొక్కాకైనా నప్పుతుంది, మరక పడ్డా తెలియదు.

మిగతావి పోగేసుకోవడమే. తెల్లచొక్కా, ఇంటర్వ్యూ కోసం కొన్న నల్లబూట్లు నీ దగ్గరున్నాయి. మోకాలి కింద మడిచే పొడుగు సాక్సులు, అదే హోస్, వాటికి పక్కన వేలాడే రిబ్బన్లు, అదే ఫ్లాషెస్, కొత్తవి కొను, 20 పౌండ్లలో అయిపోతాయి. కోటు దగ్గర జాగ్రత్త. మామూలు సూటు కోటు పొడుగ్గా ఉండి కిల్ట్‌ని సగం మింగేస్తుంది. కిల్ట్ మీదికని పొట్టిగా కుట్టే ఆర్గైల్ కోటు పాతది దొరికితే సరే, లేకపోతే వెయిస్ట్‌కోటుతో సరిపెట్టు, ఆగస్టు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. సాక్సులో పెట్టుకునే చిన్న కత్తి, స్కీన్ డూ, నీకొద్దు. ఈ వేషంతో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది కానీ, ఆ డబ్బు హోస్‌కి పెట్టు. పిన్ను పై పొరకి మాత్రమే గుచ్చు, రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చోగానే బట్ట చిరుగుతుంది. లోపల ఏమీ వేసుకోకూడదని నీ ఫ్రెండ్స్ ఆటపట్టిస్తారు, వేసుకో.

కూర్చునేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. మీ తాతయ్య పంచెకి కుచ్చిళ్లు ముందు సర్దుకునేవారు, నీకు ఇక్కడ వెనకుంటాయి. రెండు చేతులూ వెనక్కి పెట్టి కిందికి నిమురుతూ కూర్చో, లేకపోతే లేచేసరికి అన్నీ నలిగి ముద్దవుతాయి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యకు. బ్రష్ చేసి, క్లిప్పుల హ్యాంగర్‌కి తగిలిస్తే చాలు.

కిల్ట్‌కి 60, హోస్‌కి 20 లెక్కేసుకో, నువ్వు చెప్పిన 100లోనే ఇంకా మిగులుతుంది. స్పోరన్ కొనకు, మీ మావయ్యది నల్లతోలుది ఉంది, పెళ్లి వరకు తీసుకెళ్లు. కానీ ఆయన దాంట్లో పెట్టుకునే పాత లాటరీ టికెట్లు పారేయకు, గోల చేస్తాడు. కిల్ట్ దొరకగానే నా దగ్గరికి తీసుకురా, బకిల్స్ జరిపిస్తాను. పెళ్లి ముందురోజు రాత్రి తెస్తే మాత్రం చెయ్యను, రెండు వారాల ముందే రా. శనివారం తప్ప ఏ రోజైనా సరే.

ఆ మూడు కొలతలు రేపటికల్లా మెసేజ్ పెట్టు.

మీ అత్త