మీ ప్రశ్నలు, మా జవాబులు: బైబిల్లో ఆకాశం, టెలిస్కోప్‌లో ఆకాశం

ఈమధ్య ఆకాశం గురించిన ప్రశ్నలు బాగా ఎక్కువ వచ్చాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాం. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. నాసా వాళ్ళు కంప్యూటర్లో లెక్కలు వేస్తుంటే చరిత్రలో ఒక రోజు తక్కువొచ్చిందని, అది యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజేనని మా సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు, అది ఫేక్ అమ్మా అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి?
– ఒక సహోదరి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే కరెక్ట్ అమ్మా, ముందు ఆ మాట వాడికి చెప్పండి. 1970 ప్రాంతంలో హెరాల్డ్ హిల్ అనే అమెరికన్ బిజినెస్‌మ్యాన్ చెప్పడంతో పాపులర్ అయిన కథ అది, అక్కడి పేపర్లలో పడింది, కరపత్రాల్లోకి ఎక్కింది, ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చింది. అలాంటిదేమీ జరగలేదని నాసా ఎప్పుడో చెప్పేసింది. అసలు మూలం ఇంకా పాతది, 1890లో, ఇప్పటి కంప్యూటర్లు లేని రోజుల్లోనే, టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి ఇలాంటి లెక్కే పుస్తకంగా వేశాడు.

ఆ లెక్క ఎందుకు కుదరదో కూడా చెప్తాను, మీ అబ్బాయికి నచ్చుతుంది. కంప్యూటర్ వెనక్కి లెక్క వేసి ఫలానా రోజు సూర్యుడు, చంద్రుడు ఎక్కడ ఉండాలో చెప్తుంది, అంతవరకే దాని పని. మధ్యలో ఒక రోజు పోయిందని పట్టుకోవాలంటే యెహోషువకి ముందే ఎవరో ఒకరు ఫలానా రోజు గ్రహణం చూశామని రాసిపెట్టి ఉండాలి, అప్పుడు ఆ రికార్డునీ ఈ లెక్కనీ పక్కపక్కన పెట్టి తేడా చూడొచ్చు. తేదీ గట్టిగా తేలిన పాత గ్రహణాల్లో పేరున్నది అష్షూరు వాళ్ళు రాసుకున్నది, క్రీ.పూ. 763 జూన్ 15. బబులోను వాళ్ళ మట్టిపలకల రికార్డులు కూడా క్రీ.పూ. 8వ శతాబ్దం దగ్గర్నుంచే. యెహోషువ వీటన్నిటికీ కనీసం నాలుగైదు వందల ఏళ్ళ ముందువాడు.

ఆ మట్టిపలకలతో శాస్త్రవేత్తలు నిజంగానే లెక్కలు సరిచూశారు, అయితే వాళ్ళకి దొరికింది వేరే సంగతి. భూమి తిరగడం మెల్లగా నెమ్మదిస్తోంది, దానికి ముఖ్య కారణం చంద్రుడి వల్ల వచ్చే సముద్రపు ఆటుపోట్లు. రోజు నిడివి వందేళ్ళకి సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు పెరుగుతుంది, అంత చిన్న తేడా కూడా 2,700 ఏళ్ళ పాటు పేరుకుంటే గడియారం కొన్ని గంటలు తప్పేంత అవుతుంది. ఎవరో పూజారి బబులోను మేడ మీద నిలబడి గ్రహణం టైము మట్టి మీద గీస్తే ఇవాళ మనం భూమి వేగం కొలుస్తున్నాం, ఇది నాకు ఆ ఫార్వర్డ్ మెసేజ్ కంటే వెయ్యి రెట్లు గొప్పగా అనిపిస్తుంది.

ఇక యెహోషువ 10వ అధ్యాయం. గిబియోనులో సూర్యుడు నిలిచాడన్నది నేను నమ్ముతాను, దేవుని కార్యంగానే నమ్ముతాను. అది ఎలా జరిగిందన్నదాని మీద రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి, 2017లో హంఫ్రీస్, వాడింగ్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అది క్రీ.పూ. 1207 అక్టోబర్ 30న వచ్చిన వలయ గ్రహణం (సూర్యుడు ఉంగరంలా కనిపించే గ్రహణం) అయ్యుండొచ్చని రాశారు, అందరూ ఒప్పుకోలేదు. అలాంటి దినం దానికి ముందూ లేదు తర్వాతా లేదని ఆ అధ్యాయమే చెప్తుంది. అంత ప్రత్యేకమైన దానికి నాసా సర్టిఫికెట్ ఎందుకమ్మా? అబద్ధ సాక్ష్యం పలకొద్దు అన్న ఆజ్ఞ దేవుని తరఫున చెప్పే అబద్ధానికి కూడా వర్తిస్తుంది. ఆ మెసేజ్ పెట్టినవాళ్ళకి విడిగా, ప్రేమగా చెప్పండి, గ్రూపులో అందరి ముందూ వద్దు.

ప్రశ్న: బ్రదర్, నేను గ్రామాల్లో సువార్త చెప్తాను. "శూన్యముపైన భూమిని వ్రేలాడచేసెను" అని యోబు 26:7లో, "భూమండలము" అని యెషయా 40:22లో ఉంది కదా, సైన్స్ కనిపెట్టకముందే బైబిల్ చెప్పిందని చెప్తుంటాను. ఆకాశాన్ని తెరలా పరిచాడన్న మాట విశ్వం వ్యాపించడమేనని కూడా విన్నాను. ఇలా చెప్పొచ్చా?
– ఒక సువార్తికుడు, ఖమ్మం జిల్లా

జవాబు: బ్రదర్, మీ ఆసక్తి చూసి సంతోషంగా ఉంది, అందుకే సూటిగా చెప్తున్నాను, ఇలా చెప్పకండి. యోబు 26:7 చదివి ఆగిపోతే బాగానే ఉంటుంది, ఇంకో నాలుగు వచనాలు కిందకి రండి, 11లో ఆకాశానికి స్తంభాలు ఉన్నాయి, దేవుడు గద్దిస్తే అవి అదురుతాయి. 1 సమూయేలు 2:8లో హన్నా ప్రార్థనలో భూమికీ స్తంభాలు ఉన్నాయి. 7వ వచనం సైన్స్ అయితే 11వ వచనం ఏమవుతుంది? మీ మీటింగులో కూర్చున్న ఇంటర్ కుర్రాడు ఆ రాత్రి ఇంటికెళ్ళి మొత్తం అధ్యాయం చదివితే వాడి ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు ఎవరు? రెండూ కవిత్వమే అని ముందే చెప్తే ఏ ఇబ్బందీ లేదు, ఇంత పెద్ద సృష్టిని నిలబెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పడమే ఆ రెండిటి పని. యెషయాది కూడా అంతే, అదే వచనంలో ఆకాశం మనుషులు ఉండటానికి వేసిన గుడారం. బబులోను చెరలో ఉన్న జనానికి, మిమ్మల్ని ఏలుతున్న రాజులు కూడా మిడతల్లాంటివాళ్ళే, మీ దేవుడు వాళ్ళకి పైన కూర్చున్నాడు అని ధైర్యం చెప్పే మాట అది. దాన్ని జాగ్రఫీ పాఠం చేస్తే ఆ ఓదార్పు పోతుంది.

వచనాల్ని ఖగోళశాస్త్రంగా చదివితే ఏమవుతుందో చరిత్రలో చూశాం. భూమి కదలదని 104వ కీర్తన చెప్తోంది, సూర్యుడే కదులుతాడని యెహోషువ చెప్తోంది అంటూ 1616లో రోమ్‌లో, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకాన్ని ఆపేశారు, అదే మాట సమర్థించిన గెలీలియోకి 1633లో శిక్ష వేశారు. వాళ్ళూ మీలాగే వాక్యం మీద భక్తి ఉన్నవాళ్ళే. దీనికి పన్నెండు వందల ఏళ్ళ ముందే అగస్టీన్ అనే తొలినాళ్ళ క్రైస్తవ బిషప్పు ఆదికాండం మీద రాస్తూ ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు, నక్షత్రాల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన విషయంలో విశ్వాసి తప్పు మాట్లాడితే, ఇక పునరుత్థానం గురించి మనం చెప్పేది వాడెందుకు నమ్ముతాడు అని.

విశ్వం వ్యాపించడం సంగతి. దీన్ని 1927లో లెక్కలతో చెప్పిన జార్జ్ లెమైట్రే బెల్జియం దేశపు కాథలిక్ ఫాదర్, 1929లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త దూరపు గెలాక్సీల లెక్కలు బయటపెట్టడానికి రెండేళ్ళ ముందు. విశ్వం వ్యాపిస్తోందంటే దానికి ఒక మొదలు ఉండాలి కదా, 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని "వెలుగు కమ్మని" అన్న మాటకి దగ్గరగా తెచ్చి ఒక ప్రసంగం చేస్తే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది ఆ ఫాదరే. తన లెక్క తప్పో ఒప్పో టెలిస్కోపులు తేల్చాలి, విశ్వాసాన్ని దానికి కట్టకూడదు అన్నది ఆయన పట్టుదల. మరుసటి ఏడాది రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోప్ ఆ పోలిక మళ్ళీ తేలేదు. అప్పటికి విశ్వానికి మొదలే లేదనే సిద్ధాంతం కూడా గట్టిగానే నడుస్తోంది, విశ్వం తొలి రోజుల నుంచి మిగిలిన రేడియేషన్ దొరికింది 1965లో. పొద్దున పూజ చేసి మధ్యాహ్నం సమీకరణాలు రాసిన మనిషే ఆ రెండిటినీ కలపలేదు, మనం మైక్ పట్టుకుని ఎందుకు కలపాలి బ్రదర్?

ప్రశ్న: చంద్రుడికి సొంత వెలుగు లేదు కదా, ఆదికాండం 1లో "చిన్న జ్యోతి" అని ఎలా అన్నారు అని మా క్లాసులో అడిగారు.
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, దీనికి కాల్విన్ అనే ప్రొటెస్టెంట్ సంస్కర్త 1554లోనే జవాబు రాశాడు. శని గ్రహం చంద్రుడికంటే పెద్దదని అప్పటికే పండితులకి తెలుసు, ఆ సంగతి ఆయనే చెప్పి, మోషే మాత్రం చదువు లేనివాళ్ళకి కూడా కళ్ళకి ఎలా కనిపిస్తుందో అలా రాశాడు, ఖగోళశాస్త్రం కావాలంటే వేరే చోట నేర్చుకోండి అన్నాడు. ఇంకోటి, చుట్టూ ఉన్న జనాలు షమాషు అని సూర్యుణ్ణి, సీను అని చంద్రుణ్ణి మొక్కుతున్న రోజులవి. అక్కడ వాటిని దేవుడు పెట్టిన దీపాలుగా చూపించడం చాలా ధైర్యమైన మాట. సూర్యచంద్రులకి మొక్కొద్దని ద్వితీయోపదేశకాండం 4:19 హెచ్చరించేది కూడా ఆ భయంతోనే.

ప్రశ్న: హబుల్ టెలిస్కోప్ పరలోక పట్టణాన్ని ఫోటో తీసిందట, అదేనా పౌలు చెప్పిన మూడో ఆకాశం?
– ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: కాదు. 1994లో అమెరికాలో ఒక టాబ్లాయిడ్ వేసిన కల్పిత వార్త అది. పౌలు 2 కొరింథీ 12లో శరీరంతో వెళ్ళాడో శరీరం లేకుండా వెళ్ళాడో తనకే తెలియదంటాడు, దేవునికే తెలుసంటాడు. అలాంటి చోటు కెమెరాకి దొరకదు. ఆకాశ మహాకాశాలు కూడా నిన్ను పట్టజాలవు అని సొలొమోను ప్రార్థన చేశాడు, 1 రాజులు 8:27 ఒకసారి చదవండి.

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలకి యోబు 38:31లో ఉన్న కృత్తిక, మృగశీర్ష నక్షత్రాలు చూపించాలనుకుంటున్నాం. కృత్తిక బంధం ఎప్పటికీ విడదని సైన్స్ కూడా ఒప్పుకుంటుందట, అది చెప్పొచ్చా? టెలిస్కోప్ కొనాలా?
– సండే స్కూల్ టీచర్, నంద్యాల

జవాబు: ఎంత మంచి ఆలోచన సిస్టర్! టెలిస్కోప్ వద్దు, 7x50 బైనాక్యులర్స్ చాలు, కృత్తిక ఆకాశంలో వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, చాలా టెలిస్కోపుల్లో ఒకేసారి మొత్తం కనపడదు కూడా. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలకోడి అంటారే, అదే ఇది. డిసెంబర్‌లో చీకటి పడగానే తూర్పున కనిపిస్తుంది, జనవరి రెండో వారంలో అయితే రాత్రి 8 గంటలకి దాదాపు నడినెత్తిన ఉంటుంది, దానికి ఆగ్నేయంగా వరుసలో మూడు చుక్కలు ఉంటాయి, మృగశీర్ష దగ్గరవే, ఇంగ్లీషులో ఆ గుంపుని ఓరియన్ అని చదువుకున్నాం కదా. మామూలు కంటికి కృత్తికలో ఆరు చుక్కలు కనిపిస్తాయి, 1610లో గెలీలియో టెలిస్కోప్ పెట్టి చూసి ఇంకో ముప్పైఆరు గీశాడు, ఇప్పుడు వెయ్యికి పైనే లెక్క తేలాయి. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు, అంటే పిల్లలు ఆ రాత్రి చూసేది అక్బర్ కాలంలో బయల్దేరిన వెలుగు, ఇది చెప్తే వాళ్ళ మొహాలు చూడండి.

బంధం సంగతి మాత్రం చెప్పకండి. ఆ నక్షత్రాలు ఆకర్షణతో కలిసి ఉన్నమాట నిజమే, కానీ ఒక పాతిక కోట్ల ఏళ్ళలో అవీ చెదిరిపోతాయని అంచనా. యోబుని దేవుడు అడిగింది నువ్వు వీటిని కట్టగలవా, విప్పగలవా అని, పిల్లల్ని కూడా ఆ ప్రశ్నే అడగండి.

చంద్రుడు లేని రాత్రి చూసుకోండి. యోబు 38వ అధ్యాయం కిందే లైటు దగ్గర చదివేసి మేడ పైకి వెళ్ళండి, మేడ మీద ఎవరైనా ఫోన్ వెలిగిస్తే చీకటికి అలవాటు పడ్డ కళ్ళు మళ్ళీ సర్దుకోడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది.