పాట పెట్టుకుంటే మోసమా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. మోకాళ్ల కోసమని మా అబ్బాయి ఇంట్లో తొక్కే సైకిల్ కొనిచ్చాడు. చేతులతో ముందుకీ వెనక్కీ ఆడించే హ్యాండిల్స్ ఉన్న రకం. ఊరికే తొక్కితే పది నిమిషాలకే విసుగు. పాటలు పెడితే అరగంట ఇట్టే అయిపోతోంది. ‘పాటల ధ్యాసలో తొక్కేదీ ఒక వ్యాయామమేనా!’ అంటారు మావారు. చేతులు కలిపితే మాత్రం తొందరగా ఆయాసం వస్తోంది. బీపీ మాత్ర వేసుకుంటాను. చేతులు మానేయనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు మీవారి సంగతి. వడ్లు దంచే రోజుల్లో ఆడవాళ్లు రోకటి పోటుకు పదం కలిపి దంపుళ్ల పాటలు పాడుకునేవారు. పాడుతూ దంచారని బియ్యం తక్కువ పడలేదు కదా!

నా ఫిజియోథెరపీ గదిలోనూ అలాంటి సైకిలే ఉంది. పోయిన వేసవిలో ఒక సాయంత్రం, పేషెంట్లంతా వెళ్లాక నేనే ఎక్కి తొక్కుతుంటే కరెంటు పోయి స్పీకర్ ఆగింది. పెడల్ బిగువు ఏమీ మారలేదు. తొడలు మాత్రం ఒక్కసారిగా బరువెక్కాయి, నా రొప్పు నాకే వినబడింది. అలసట అంతకు ముందూ ఉంది, పాట నా మనసును దాని మీదికి పోనివ్వలేదు, అంతే.

లివర్‌పూల్‌లో చేసిన ఒక పరిశోధన 2010లో అచ్చయింది. 12 మంది కుర్రాళ్లతో ఇలాంటి సైకిల్ తొక్కిస్తూ, అవే పాటల వేగాన్ని పది శాతం పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి వినిపించారు. వేగం పెంచితే వాళ్లు ఎక్కువ దూరం తొక్కారు, తగ్గిస్తే తొక్కడమూ తగ్గింది. నాకు నచ్చింది ఇంకొకటి: వేగం పెరిగినప్పుడు కష్టం కూడా కాస్త ఎక్కువే అనిపించిందట, అయినా తొక్కారు. మీవారికి ఈ ముక్క చదివి వినిపించండి. అయితే మరీ గట్టిగా తొక్కేటప్పుడు ఏ పాటా ఆయాసాన్ని మరిపించలేదు.

పాట ఎంచుకోవడానికి చిన్న లెక్క. పెడల్ ఒక చుట్టు తిరిగితే రెండు తొక్కుళ్లు. నిమిషానికి 60 చుట్లంటే 120 తొక్కుళ్లు, పాటలోనూ నిమిషానికి అన్ని దెబ్బలుండాలి. పాటకు పావు నిమిషం చిటికెలు వేసి లెక్కపెట్టండి, 30 దాకా వస్తే సరిపోతుంది. తీన్మార్ దరువులు మొదట్లో వద్దు, వాటి వెంట పరిగెత్తి మోకాలు పట్టేసిందని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఇక చేతులు. మానక్కర్లేదు. చేతి కండలు చిన్నవి. అందుకే ఒకే పని కాళ్లకు బదులు చేతులతో చేస్తే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, బీపీ కూడా ఎక్కువ పెరుగుతుంది. అదే పనిని కాళ్లూ చేతులూ పంచుకుంటే తేలికగా అనిపిస్తుంది. మీరు పంచుతున్నట్టు లేదు, కాళ్ల పని అలాగే ఉంచి చేతుల పని పైన కలుపుతున్నారనుకుంటా. చేతులు కలిపే ముందు పెడల్ బిగువు మార్చే నాబ్‌ను ఒక మెట్టు తగ్గించండి. మీది చక్రం బదులు ఫ్యాన్ తిరిగే రకమైతే నాబ్ ఉండకపోవచ్చు, తొక్కే వేగమే తగ్గించాలి. అయిదు నిమిషాలు ఒట్టి కాళ్లు, తర్వాత ఒక నిమిషం చేతులు, రెండు నిమిషాలు మళ్లీ కాళ్లు. హ్యాండిల్‌ను పిడికిలి బిగించి పట్టుకోకండి, ఊపిరి బిగబట్టకండి. ఆ రెండూ బీపీని ఎక్కిస్తాయి.

స్క్రీన్ మీద కనబడే గుండె అంకెను నమ్ముకోవద్దు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్నే తగ్గిస్తాయి. పాటతోనే చూసుకోండి: చరణమంతా హాయిగా పాడగలిగితే కాస్త పెంచొచ్చు. పాడలేరు గానీ మాట్లాడగలరు అంటే సరిగ్గా ఉంది. ‘కుక్కర్ దించండి’ అని మీవారికి చెప్పడానికీ ఊపిరి చాలకపోతే తగ్గించాలి.

ఛాతీలోగానీ దవడలోగానీ నొప్పి వస్తే వెంటనే ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. అది రాకముందే, ఈసారి బీపీ చూపించుకున్నప్పుడు హ్యాండిల్స్ సంగతి డాక్టరుగారికి విడిగా చెప్పండి. సైకిల్ అనగానే ఆయన కాళ్ల పనే అనుకుంటారు.