మోటారు ఆర్డర్ పెట్టకముందు ఇది చదువు, అమ్మడూ

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. మోడల్ రైలు ఇంజను కాస్త దూరం నడిచి ఆగిపోతోంది, వేలితో తోస్తే మళ్లీ కదులుతోంది, ఆగినప్పుడల్లా ముందు లైటు కూడా ఆరిపోతోంది, మోటారు పోయినట్టుంది కొత్తది తెప్పిస్తున్నా అన్నావు. తెప్పించకు. లైటు వెలుగుతూనే ఉండి ఇంజను కదలకపోతే అప్పుడు మోటారుని అనుమానించాలి. రెండూ ఒకేసారి ఆగిపోతున్నాయంటే అసలు కరెంటే లోపలికి రావట్లేదు. ఇన్నేళ్లు మోటార్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా, ముందే స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. కరెంటు ఏ దారిన వస్తోందో బయటినుంచి లోపలికి చూసుకుంటూ వెళ్లు. పవర్ ప్యాక్ (పట్టాకి 12 వోల్టులు ఇచ్చే డబ్బా), తీగ, పట్టా, చక్రం, చక్రం వెనక రాసుకునే రాగి రేకు, అక్కణ్ణించి సన్న తీగ, ఆ తర్వాతే మోటారు. ఒక లోహం ఇంకో లోహాన్ని ఊరికే తాకి కరెంటు అందించే చోట్లే ఎక్కువగా చెడతాయి.

నువ్వు కట్టుకున్నది నౌపడ–గుణుపురం పాత చిన్న రైలు కదా. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసిన ఆ లైను వెడల్పు రెండున్నర అడుగులు, 762 మిల్లీమీటర్లు. నీ మోడల్ అసలుదానికి 87వ వంతు కాబట్టి దాన్ని 87తో భాగిస్తే 9 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ వస్తుంది, అందుకే నీ పట్టా 9 మిల్లీమీటర్లది. అదే స్కేల్లో పెద్ద ఇంజన్లకి మామూలుగా వాడే పట్టా 16.5 మిల్లీమీటర్లది. నీ ఇంజను చిన్నది, తేలిక, చక్రాలు తక్కువ. బరువు లేకపోతే చక్రం పట్టాని గట్టిగా నొక్కదు, పెద్ద ఇంజను లెక్కచేయని మురికి కూడా దీన్ని ఆపేస్తుంది. పైగా మీ ఇల్లు ఉప్పుమడుల గాలి తగిలే చోట. ఆ గాలికి రాగీ ఇత్తడీ ఎంత తొందరగా నల్లబడతాయో నీకే తెలుసు.

మొదట ఒక్క పని చెయ్యి. ఆగినచోట పట్టా మీద సుద్దముక్కతో గుర్తు పెట్టు. మళ్లీ మళ్లీ అదే గుర్తు దగ్గర ఆగితే తప్పు పట్టాది, ఎక్కడపడితే అక్కడ ఆగితే ఇంజనుది. దారి రెండుగా చీలే పాయింట్ల మీదే ఆగుతోందా, అయితే అక్కడ పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క, ఫ్రాగ్ అంటారు, అది చూడు. అక్కడ కరెంటు ఉండదు, నీ ఇంజను చక్రాల మధ్య దూరం ఆ ముక్క కన్నా తక్కువైతే అన్ని చక్రాలూ ఒకేసారి కరెంటు లేని చోట పడతాయి, అది రిపేరు కాదు, ఆ ఫ్రాగ్‌కి కరెంటు ఇవ్వాలి.

తప్పు పట్టాది అని తేలితే మల్టీమీటరు తీసుకో, కానీ ఇక్కడ చాలామంది పొరబడతారు. ఖాళీ పట్టా మీద వోల్టేజి చూస్తే అన్నిచోట్లా 12 చూపిస్తుంది, పట్టా బాగుందనుకుంటారు. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్ తుప్పు పట్టినా అది కూడా కరెంటు పారనంతసేపూ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే కరెంటు లేనిదే వోల్టేజి పడిపోదు. ఇంజను పట్టా మీద ఉండి లాగుతున్నప్పుడు, దాని పక్కనే మీటరు పెట్టి చూడాలి. చేత్తో ఇంజను పట్టుకుని క్షణంసేపు ఆపి చూసినా చాలు, ఎక్కువసేపు ఆపితే మోటారు వేడెక్కుతుంది. ప్యాక్ దగ్గర 12 ఉండి అవతల చివర 8 ఉంటే మధ్యలో ఏదో జాయింట్ తినేస్తోంది. ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ మీటరు ముళ్లు పెట్టుకుంటూ వెళ్తే అది దొరుకుతుంది. జాయినర్ని నమ్ముకోకుండా ప్రతి రెండు మూడు ముక్కలకీ ప్యాక్ నుంచి విడిగా ఒక తీగ జత తెచ్చి పట్టాకి సోల్డర్ చేసెయ్యి, మన సముద్రపు గాలికి అదొక్కటే శాశ్వత మందు.

ఇంజనుదే తప్పయితే దాన్ని బోర్లా తిప్పి, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, ప్యాక్ తీగలు రెండూ కుడి ఎడమ చక్రాలకి తాకించు. ఒక్కో చక్రం మార్చి చూడు. ఏ చక్రం దగ్గర మోటారు తడబడుతుందో దాని రేకు వంగిపోయో మురికి పట్టో ఉంటుంది. రబ్బరు తొడిగిన చక్రం కరెంటు తీసుకోదు, దాన్ని చూసి కంగారుపడకు. నీ ఇంజనుకి వెనక బొగ్గు బండి, టెండర్, ఉంది కదా, ఇంజనుకీ టెండర్‌కీ మధ్య ఉండే సన్న తీగని తప్పకుండా చూడు. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల తెగి ఉంటుంది, వంపుల్లోనే తెలుస్తుంది. మీటరు బీప్‌లో పెట్టి ఆ తీగని అటూ ఇటూ వంచు, బీప్ ఆగితే దొరికినట్టే.

చక్రాలూ రేకులూ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకో, సెల్‌ఫోన్ రిపేరు షాపులవాళ్ల దగ్గర ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దొద్దమ్మా, గీతలు పడితే మురికి అందులోనే పేరుకుంటుంది. స్టీల్ పీచు అసలు వద్దు, ఆ ముక్కల్ని మోటారు అయస్కాంతం లాక్కుంటుంది. థిన్నర్‌కి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆయిల్ సూది మొనతో ఒక్క బొట్టు, అదీ ఇరుసుకే, చక్రం అంచుకి తగిలితే మళ్లీ మొదటికొస్తావు.

ఇవన్నీ అయ్యాకే మోటారు. మోటారుకి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయా, అవి రాసుకునే రాగి ముక్కల రింగు, కమ్యుటేటర్, దాని గాడుల్లో నల్ల పొడి నిండిందా చూసి పుల్లతో గీకెయ్యి. ఎప్పుడూ ఒకే భంగిమలో ఆగి తోస్తే కదిలే మోటారు అయితే, కమ్యుటేటర్ ముక్కల్లో పక్కపక్కవాటి మధ్య ఓములు కొలువు. అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి, ఒకటి తేడా ఉంటే మోటారు లోపలి తీగ చుట్ట పోయినట్టే, అప్పుడు కొత్తది కొను. డీకోడర్ (డిజిటల్ కంట్రోల్ చిప్) ఉన్న ఇంజను అయితే దాన్ని విడదీయకుండా మోటారు తీగలకి నేరుగా కరెంటు ఇవ్వకు, డీకోడర్ కాలిపోతుంది. పవర్ ప్యాక్ డబ్బా మాత్రం నువ్వు విప్పొద్దు, అందులో ఇంటి కరెంటు 230 వోల్టులు ఉంటుంది.

ముందు సుద్ద గుర్తు పెట్టి, ఇంజను లాగుతున్నప్పుడు వోల్టులు ఎక్కడెక్కడ ఎంత వచ్చాయో రాసి పంపు. దాన్ని బట్టి తర్వాత ఏం చెయ్యాలో చెప్తా. అప్పటికీ తేలకపోతే పైడితల్లి పండక్కి విజయనగరం వస్తావు కదా, ఇంజనూ టెండరూ రెండూ పట్టుకురా, ఒక్క ఇంజనే తేవద్దు.

మీ మావయ్య