ఆరు బోల్టులు కలిస్తే చాలా?

ప్రశ్న: నా పికప్ ఫోర్డ్ ఎఫ్-150, 2015 మోడల్. స్నేహితుడు తన షెవర్లే సిల్వరాడో అల్లాయ్ చక్రాలు ఇస్తానంటున్నాడు. రెండింటికీ ఆరేసి బోల్టులే కదా, బిగించేయొచ్చా?

జవాబు: వద్దండీ. బోల్టుల సంఖ్య ఒకటే అయినా అవి నిలబడే వలయం వేరు. మీ బండి వలయం వ్యాసం 135 మిల్లీమీటర్లు, ఆ చక్రాలది 139.7. అంటే ప్రతి బోల్టూ రెండు మిల్లీమీటర్లకు పైగా పక్కకు పోతుంది, రంధ్రాలు కాస్త వదులుగా ఉన్నాయి కదా అని నట్లు బలవంతంగా లాగి బిగిస్తే స్టడ్లు, అంటే బండికి ఉండే ఆ బోల్టులు, వంగి, రోడ్డు మీద బరువుతో పోతుండగా ఒక్కొక్కటీ విరిగి చక్రమే ఊడి రావచ్చు. ఇది తలుచుకుంటేనే నాకు టెన్షన్. పైగా సిల్వరాడో చక్రం మధ్య రంధ్రం 78.1, మీ హబ్, అంటే బండిలో చక్రం కూర్చునే మధ్య భాగం, 87.1, కాబట్టి అసలు లోపలికే వెళ్లదు. రంధ్రం తొలిపిద్దాం, రెండు వలయాలనూ కలిపే అడాప్టర్ వేద్దాం అనేవాళ్లు ఉంటారు గానీ, బరువులు మోసే బండికి ఆ సలహా నేనివ్వను.

మీ వలయానికి సరిపోయే చక్రాలే వెతకండి. ఆఫ్‌సెట్, అంటే చక్రం హబ్‌కు ఆనే ముఖం దాని మధ్యరేఖ నుంచి ఎంత దూరంలో ఉందో చూడండి, అది బాగా తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి బేరింగుల మీద భారం పడుతుంది. చక్రం మోయగల బరువు దాని మీదే ముద్రించి ఉంటుంది, అదీ చదవండి. నట్టు కూర్చునే చోటు కోనా, గుండ్రమా, చదునా అన్నది చక్రానికి తగ్గట్టు ఉండాలి, మర మాత్రం మీ స్టడ్‌కు కలవాలి. బిగించాక సుమారు 100 కిలోమీటర్లు నడిపి బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి సరిచూడండి.