వాతావరణం ఎప్పుడూ మారేదేగా, అందులో మనిషి చేసిందెంత?

ప్రశ్న: మాది తిరుపతి. 2021 నవంబర్ వరద దగ్గర్నుంచి మామిడి పూత రాలడం దాకా అన్నిటికీ క్లైమేట్ చేంజ్ అనేస్తున్నారు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా? గాలిలో 0.04 శాతం ఉన్న వాయువు భూమినంతా వేడెక్కిస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఊళ్లు పెరగడం వల్ల స్టేషన్ లెక్కలు కూడా తప్పుగా వస్తాయంటారు. ఇది నాకు నేనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు:

ఉంది. కాకపోతే మీ ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి, ముందు వాటిని విడదీయాలి. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ మనదేనా? అది వేడి పెంచుతుందా? పెంచితే ఎంత? ఆ వేడికి మన తిరుపతిలో, చిత్తూరులో ఏం జరుగుతుంది? మొదటి రెండూ తేలిపోయినవి. మూడోదానికి పై హద్దూ కింది హద్దూ తెలుసు. నాలుగోదాంట్లో మీ అనుమానానికి బోలెడంత చోటుంది. తమాషా ఏమిటంటే, అనుమానించేవాళ్లు ఎక్కువమంది మొదటి రెండిటి మీదే కొట్లాడి ఓడిపోతారు. భయపెట్టేవాళ్లేమో ఆ రెండిటి రుజువులు చూపించి నాలుగోదాన్ని కూడా అదే సంచీలో పెట్టి అంటగడతారు.

కార్బన్ డయాక్సైడ్ గాలిలో 0.04 శాతమేగా అన్న సంగతి ముందు చూద్దాం. పది లీటర్ల బకెట్ నీళ్లలో 4 మి.లీ. నీలిమందు, అంటే ఓ చిన్న చెంచాడు, కలిపి చూడండి. అది కూడా 0.04 శాతమే. నీళ్లన్నీ నీలం ఎందుకయ్యాయంటే, వెలుగును పట్టుకునే పని ఆ చెంచాడే చేస్తోంది, మిగతా నీళ్లు చేయడం లేదు. గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్‌లు భూమి నుంచి పైకిపోయే వేడి కిరణాలను దాదాపు పట్టుకోవు. పట్టుకునేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి. దీన్ని జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే గొట్టంలో వాయువులు నింపి కొలిచాడు, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఎంత వేడి పెరుగుతుందో 1896లో అరీనియస్ అనే శాస్త్రవేత్త చేత్తో లెక్క కట్టాడు. రాజకీయాల కంటే చాలా ముందటి ఫిజిక్స్ ఇది.

'నీటి ఆవిరే పెద్ద వాయువు కదా' అనే మాట నిజమే. కానీ ఆవిరి గాలిలో నిలిచేది వారం పది రోజులు, ఎక్కువైతే వానై పడిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరి ఉంటుంది, కాబట్టి అది వేడిని అనుసరించి పెరుగుతుంది, తనంతట తాను మొదలుపెట్టదు.

ఇక అది మనదేనా అన్న లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని. బొగ్గు, పెట్రోలు, గ్యాస్, సిమెంటు కలిపి ప్రపంచం ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. గాలిలో ఒక పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక భాగం, పెరగడానికి 780 కోట్ల టన్నులు కావాలి. భాగిస్తే 4.7. గాలిలో ఏటా పెరుగుతున్నది మాత్రం 2.5 పీపీఎం చిల్లర. మీ ఖాతాలో మీరు ఏటా 4.7 లక్షలు వేస్తున్నారు, నిల్వ మాత్రం రెండున్నర లక్షలే పెరుగుతోంది. అలాంటప్పుడు 'పెరిగిన డబ్బు వేరెవరో వేసింది' అనగలరా? మిగతాది సముద్రాలూ చెట్లూ తీసేసుకుంటున్నాయి. అగ్నిపర్వతాలన్నీ కలిపినా ఏడాదికి 100 కోట్ల టన్నులు దాటవు.

లెక్క చాలదనుకుంటే ముద్రలు చూడండి. రేడియోకార్బన్ అనే కార్బన్ రకం కాలంతో తరిగిపోతుంది, 5,730 ఏళ్లకు సగమవుతుంది, కాబట్టి కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది మిగలదు. గాలిలో దాని వాటా పలచబడిందని హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే చూపించాడు (ఆ తర్వాతి అణుపరీక్షలు ఈ లెక్కను కలగాపులగం చేశాయి, అందుకే పాత చెట్ల వలయాల్లో చూడాలి). అగ్నిపర్వతాల వాయువులోనూ రేడియోకార్బన్ ఉండదు కదా అని మంచి అనుమానం రావచ్చు. అక్కడ కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్ రకం తీర్పు చెబుతుంది. మొక్కలకు తేలిక కార్బన్ ఇష్టం, కాబట్టి మొక్కల నుంచి పుట్టిన బొగ్గులో కార్బన్-13 తక్కువ. అగ్నిపర్వతాల వాయువులో అంత తక్కువ ఉండదు. గాలిలో కార్బన్-13 వాటా తగ్గుతోంది. దానితోపాటు ఆక్సిజన్ కూడా కొంచెం కొంచెంగా తగ్గుతోంది. ఏదో కాలుతోందన్నమాట.

'ఎప్పుడూ మారేదే' అన్నదీ నిజమే. భూమి కక్ష్య, వంపు, తూగు 1,00,000, 41,000, 23,000 ఏళ్ల లెక్కల్లో మారుతూ మంచుయుగాలు తెచ్చాయి. ఆ నడకతో 150 ఏళ్లలో ఒక డిగ్రీ పైగా పెరగదు. సూర్యుడంటారా, 1978 నుంచి ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్నాయి: చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్లు, 11 ఏళ్ల చక్రంలో 0.1 శాతం అటూఇటూ. 1980ల తర్వాత పైకి ఎక్కింది లేదు. ఇంకో పరీక్ష ఉంది. సూర్యుడి వల్లే అయితే కింది గాలీ పై గాలీ రెండూ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ వల్ల అయితే కింద వేడెక్కి, పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే పొర చల్లబడాలి. మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే ఇలా అవుతుందని లెక్కించారు, తర్వాత కొలిస్తే చల్లబడుతోంది. అందులో కొంత ఓజోన్ తగ్గడం వల్ల, నిజమే. అయితే ఓజోన్ ప్రభావం తక్కువగా ఉండే పై పొరల్లోనూ చలే పెరుగుతోంది. మన చంద్రగిరి దాటాక గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పని ఈ పై పొరల మీదే. 1,024 యాంటెన్నాల రాడార్ గాలుల కోసం, లేజర్ కిరణాలు పంపి కొలిచే లైడార్ 30 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత కోసం. దారిన పోతూ ఆ కంబాల తోట చూసి మిలిటరీది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి ఎంత? వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి 2.5 నుంచి 4 డిగ్రీలు పెరుగుతుంది, మధ్య అంకె 3. ఇక్కడ రెండున్నరా నాలుగా అని అనుమానిస్తే తప్పు లేదు. సున్నా అంటేనే లెక్క కుదరదు. అనుమానించేవాళ్లకు నికరంగా దక్కిన గెలుపులూ ఉన్నాయి. హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోతుందని 2007 నివేదికలో వచ్చింది, తప్పని తేలి 2010లో వెనక్కి తీసుకున్నారు. బొగ్గు వాడకం విపరీతంగా పెరుగుతూ పోతుందనుకునే ఒక అతి ఊహను 'మామూలుగా జరిగేది ఇదే' అన్నట్టు వాడి రాసిన భయంకర వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. 2100 అంకె చూసినప్పుడల్లా అది ఏ ఊహ మీద నిలబడిందో ముందు చూడండి.

ఇక స్టేషన్ లెక్కలు. ఊరు పెరిగితే థర్మామీటర్ వేడెక్కుతుందన్నది నిజం, ముఖ్యంగా రాత్రి ఉష్ణోగ్రత. కానీ ఇదే అనుమానంతో మొదలైన బెర్క్‌లీ ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ ముల్లర్ లెక్కలన్నీ మళ్లీ చేసి, పెరుగుదల నిజమేననీ కారణం దాదాపు మనుషులేననీ 2012లో ఒప్పుకున్నాడు. ఉపగ్రహ లెక్కల్లో జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్‌లు పేరున్న అనుమానవాదులు. వాళ్ల అంకె కూడా పదేళ్లకు 0.15 డిగ్రీ పెరుగుదలే. సముద్రం మీద ఊళ్లు లేవు, అక్కడా పెరిగింది.

మీరే చేయాలనుకుంటే ఇలా. దేశ పటాన్ని చదరపు గడులుగా విడదీసి, గడికో అంకె చొప్పున ఇచ్చే డేటా భారత వాతావరణ శాఖ పుణె సైటులో ఉచితం. ఉష్ణోగ్రత 1951 నుంచి, ఒక డిగ్రీ గడి. వాన 1901 నుంచి, పావు డిగ్రీ గడి. ఉష్ణోగ్రత ఫైలు 31 × 31 గడులు, 7.5 ఉత్తరం, 67.5 తూర్పు నుంచి మొదలు. తిరుపతికి దగ్గరి బిందువు 13.5, 79.5, అంటే 7వ వరుస, 13వ నిలువు. పైథాన్ వచ్చినవాళ్లకు ఐఎండీలిబ్ అనే లైబ్రరీ ఉంది. లెక్క తప్పేది ఎక్కువగా ఒకచోటే: డేటా లేని చోట ఉష్ణోగ్రత ఫైలులో 99.9 అనీ, వాన ఫైలులో మైనస్ 999 అనీ ఉంటుంది. తీసేయకుండా సగటు కడితే మే నెల మండిపోతుంది, నవంబర్ వాన మైనస్‌లోకి పోతుంది. ఇంకో ఇబ్బంది, ఒక డిగ్రీ గడి అంటే 110 కిలోమీటర్లు. తిరుమల కొండా, శ్రీకాళహస్తి మైదానమూ ఒకే అంకెలో కలిసిపోతాయి. అది ధోరణి చూడడానికి పనికొస్తుంది, 'మా ఊళ్లో ఎంత' అనడానికి కాదు. ఊరి ప్రభావం అనుమానమైతే పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం స్టేషన్ ఉంది, తిరుపతి స్టేషన్‌ను దానితో పోల్చండి.

పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం విడివిడిగా వేయండి. 1961–90 సగటునూ 1991–2020 సగటునూ పక్కపక్కన పెట్టండి. 1998లోనో 2016లోనో గీత మొదలుపెట్టే వాళ్లను నమ్మకండి. రెండూ ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం అప్పుడప్పుడూ వేడెక్కడం, వల్ల వేడి పట్టిన ఏళ్లు, అక్కణ్నుంచి మొదలుపెడితే దేన్నయినా చల్లగా చూపించొచ్చు. 2008 లాంటి చల్లని ఏడాది నుంచి గీస్తే దానికి ఎదురు మోసం. ఏడాదికేడాదికి ఉష్ణోగ్రత 0.35 డిగ్రీ అటూఇటూ ఊగుతుందనుకుంటే, రెండు ముప్పయ్యేళ్ల సగటుల మధ్య 0.2 డిగ్రీ తేడా వచ్చినా దాన్ని నమ్మొచ్చు. మనదేశం మొత్తానికి 1901–2018 మధ్య పెరిగింది సుమారు 0.7 డిగ్రీ. ప్రపంచ సగటు కంటే తక్కువే. పొగ, దుమ్ము వెలుగును అడ్డుకోవడం, సాగునీరు ఆవిరవడం అందుకు కారణాలుగా చెబుతారు. బైక్ మీటరు 46 చూపించడం, ఫోన్‌లో 'ఫీల్స్ లైక్' అంకె ఈ లెక్కలోకి రావు. గాలి ఉష్ణోగ్రత అంటే నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, తెల్ల రంగు వేసి గాలాడే పలకల పెట్టెలో, గడ్డి మీద, తలుపు ఉత్తరం వైపు ఉంచి చూసింది.

వాన దగ్గరికొస్తే మాత్రం కథ తిరగబడుతుంది. మన జిల్లా వాన ఏడాదికేడాదికి 25 శాతం ఊగుతుందనుకుందాం. ముప్పయ్యేళ్ల సగటు ఎంత ఊగుతుందో తెలియాలంటే 25ను ముప్పై వర్గమూలంతో భాగించాలి, 4.6 వస్తుంది. అలాంటి రెండు సగటుల తేడాలో ఊగిసలాట 6.5. నమ్మాలంటే అందుకు రెట్టింపు, అంటే 13 శాతం తేడా కనిపించాలి. పదేళ్లు చూసి 'వానలు తగ్గిపోయాయి', 'పెరిగిపోయాయి' అని ఎవరన్నా అది వట్టి ఊగిసలాట కావచ్చు. జూన్–సెప్టెంబర్ వేరు, అక్టోబర్–డిసెంబర్ వేరుగా కట్టండి. మనకు రెండో రుతుపవనం కూడా పెద్దదే, రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకోటి దాచేస్తుంది.

2021 నవంబర్ వరదకు ఇదే కొలబద్ద పట్టండి. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి 7 శాతం ఎక్కువ ఆవిరి మోస్తుంది. ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951–2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. ఒక్క రోజులో 200 మి.మీ. పడిందనుకుంటే అందులో మనిషి చేసిన వేడి వాటా ఈ లెక్కన 13 మి.మీ. తుపాను గాలుల తీరు మారితే ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. మిగతా 187 మి.మీ. ఎలాగూ పడేదే. అది వీధుల్లో నిలిచిందా, చెరువులోకి పోయిందా అన్నది కాలువల చేతిలో ఉంది. మనది గొలుసు చెరువుల సీమ. పై చెరువు కలుజు (మిగులు నీళ్లు పోయే దారి) పారితే కింది చెరువు నిండాలి. మధ్యలో వంక మీద లేఅవుట్ వేస్తే నీళ్లకు ఆ లేఅవుటే చెరువవుతుంది. దానికి కార్బన్ డయాక్సైడ్‌ను తిట్టడం వంక పూడ్చినవాడికి బాగా కలిసొచ్చే మాట.

బోర్లు అంతే. పలమనేరు, పుంగనూరు వైపు వెయ్యి అడుగులు దాటడానికి మొదటి కారణం తోడుడు. గట్టి రాతి నేలలో నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలోనూ రాతి పగుళ్లలోనూ. పై పొర ఎండబెట్టేశాక ఒక మంచి ఏడాది వానకు అది పూర్తిగా నిండదు.

మామిడి మాత్రం తేలిగ్గా తీసేయలేం. పూతకు నవంబర్ నుంచి జనవరి దాకా పొడి వాతావరణం, చల్లని రాత్రులు కావాలి. రాత్రులు వేడెక్కితే పూతకు దెబ్బే కాబట్టి ఇక్కడ భయానికి ఆధారం ఉంది. కానీ చాలా మామిడి రకాల్లో ఏడాది విడిచి ఏడాది కాపు ఉంది, పూత కోసం వాడే కల్టార్ మందు అతిగా పోయడం ఉంది, తామరపురుగు ఉంది, బూడిద తెగులు ఉంది. 2025లో ధర పడిపోవడం వాతావరణం పని కాదు, సంతలో సరుకు ఎక్కువై పల్ప్ కొనేవాళ్లు తగ్గడం. తోటలో తేల్చుకోవాలంటే ఒక నోటు పుస్తకంలో ఈ గడులు గీయండి: తేదీ, రాత్రి కనిష్ఠం, ఉదయం 8:30కి కొలిచిన వాన, గుర్తుపెట్టిన పది చెట్లలో పూత కంకుల లెక్క, వేసిన మందు, కిందటేడు కాపు. వాన కొలవడానికి 20 సెం.మీ. వ్యాసం గరాటు, కింద సీసా చాలు. 31.4 మి.లీ. నీళ్లు పడితే ఒక మిల్లీమీటరు. గరాటు పక్కనున్న గోడకో చెట్టుకో దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి. రాత్రి కురిసింది మర్నాటి తేదీలో రాయాలి, వాతావరణ శాఖ రాసేదీ అలాగే. లేదంటే మీ పుస్తకానికీ వాళ్ల లెక్కకూ ఒక రోజు తేడా వచ్చి, పోల్చినప్పుడల్లా వాళ్లే తప్పు రాశారనిపిస్తుంది.