‘అవసరం ఇల్లె’ అంటే ఏమిటి?

చెన్నై

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. "సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ కావాలంటే ఏ పరీక్ష రాయాలి పెద్దమ్మా?" అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. మన దేశంలో అలాంటి లైసెన్సు లేదమ్మా. వకీళ్ళకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు మనకేదీ లేదు. చదువుకోవాలనుంటే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద శాఖ ఉంది. ఆ చదువు మంచిదే, కానీ అది చదివితేనే ఈ పని చెయ్యాలన్న చట్టం లేదు. ఇక మీ అన్న రాసిన ఆస్ట్రేలియా వాళ్ళ భాషా పరీక్ష, సీసీఎల్, వేరే సంగతి. రెండు సంభాషణలు విని అటూ ఇటూ చెప్పడం, 90కి 63 తెచ్చుకుంటే వలస వీసాకు 5 పాయింట్లు. పాయింట్లు తెచ్చుకున్నాడు, సంతోషం. దాంతో దుబాసీ, అంటే నోటితో అనువదించేవాడు, అయిపోయాననుకోవద్దని చెప్పు.

మరి జనం అడిగే ‘సర్టిఫైడ్’ కాగితం ఏమిటంటావా? నీ సంతకమే. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళకు కావలసింది కూడా అంతే: అనువాదం పూర్తిగా ఉంది, సరిగ్గా ఉంది, ఈ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం నాకుంది అని అనువాదకుడు రాసి ఇవ్వాలి. తంబుచెట్టి వీధిలో ముద్ర వేసే నోటరీగారికి తెలుగు రాకపోవచ్చు. ఆయన చూసేది నీ సంతకాన్ని. తప్పు దొర్లితే పట్టుబడేది నువ్వే.

నేనూ పట్టుబడ్డాను. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది కదా, ఆ వైపు పాత పొలం కాగితాలు తెలుగువి ఇప్పటికీ వస్తుంటాయి. ఒక శిస్తు రసీదులో ‘ఫసలీ 1358’ అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మా నాన్న చెప్పింది గుర్తుంది. కలిపి, దర్జాగా ‘1948’ అని టైపు కొట్టాను. ఫసలీ జూలై ఒకటిన మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుందన్నది మాత్రం గుర్తు రాలేదు. ఆ శిస్తు కట్టింది 1949 మార్చిలో. కోర్టులో అవతలి వకీలు పెద్దగా నవ్వకుండానే అడిగాడు, "అమ్మా, ఇందులో 1948 ఎక్కడుందో చూపిస్తారా?" అని. ఎక్కడా లేదు. అప్పటినుంచి ఫసలీని ఫసలీగానే ఉంచి, కింద వివరణ రాస్తున్నాను. స్థలం కొలిచే అంకణాలూ అంతే. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. లెక్క కట్టి పెట్టడం మన పని కాదు.

నోటి అనువాదం ఇంకా కష్టం, దిద్దుకునే వ్యవధి ఉండదు. అందులోనూ చెన్నైలో పుట్టి పెరిగిన మనలాంటి వాళ్ళకు మరో చిక్కుంది: రెండు భాషలూ ఒకే నోట్లో నానిపోయి ఉంటాయి. ఒక ఆసుపత్రిలో సూళ్ళూరుపేట నుంచి వచ్చిన పెద్దాయన నర్సును అడిగాడు, "ఆపరేషన్ అవసరమా అమ్మా?" ఆ పిల్ల, "అవసరం ఇల్లె" అంది. ఆయన మొహం వెలిగిపోయింది, సంచీ సర్దుకున్నాడు. తమిళంలో అవసరమంటే తొందర. ఆమె చెప్పింది ‘తొందరేం లేదు’ అని, ఆయన విన్నది ‘అక్కర్లేదు’ అని. నేను పక్క మంచం వాళ్ళకోసం వెళ్ళినదాన్ని, అడ్డుపడి చెప్పాను. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు చూడు. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం. తెలిసిన మాట దగ్గరే నిఘంటువు తియ్యి.

ఇంకొకటి. రోగి ‘నాకు ఆయాసం’ అంటే నువ్వూ ‘నాకు’ అనే చెప్పు, ‘ఈయనకట’ అనకు. కొడుకు చెవిలో గొణుగుతాడు, "జబ్బు పేరు నాన్నకు చెప్పకండి" అని. ఆ మాటను డాక్టరుకు పైకే చెప్పెయ్యి. దాచాలో చెప్పాలో తేల్చుకోవలసింది వాళ్ళు. నాకిది నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, అంతదాకా దయతో అబద్ధాలాడాను.

ఊరికే చెబుతున్నా, ఈ ఊళ్ళో మన వృత్తి పాతది. కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో బయల్దేరి మరుసటి ఏడు తిరిగొచ్చారు. అన్నాళ్ళు సెలవు మనకెవరిస్తారు!

డబ్బు సంగతి ఉత్తరంలో రాయను, కలిసినప్పుడు మాట్లాడుకుందాం. పేజీకి ఇంత అని ముందే చెప్పు, బంధువులకైనా సరే. శనివారం రా. శిస్తు రసీదుల కట్ట ఒకటి ఉంది, చెదలు కొంచెం తినేసింది. చెదతిన్న చోట ‘చదవడానికి వీల్లేదు’ అని రాయడంతో మొదలుపెడదాం. పెన్సిలు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ