లీజా, కొనడమా: మూడేళ్ల లెక్క వేరు, ఎనిమిదేళ్ల లెక్క వేరు

మీరు అడిగింది ఇదీ: ఒకే కారుకి 36 నెలల లీజు వాయిదా తక్కువగా ఉంది, 60 నెలల లోన్ ఈఎంఐ ఎక్కువగా ఉంది, మరి లీజే చవక కదా? ఆ రెండు వాయిదాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన జవాబు తేలదు. లీజులో మీరు కట్టేది కారు ధర కాదు. అది మీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఎంత విలువ పోగొట్టుకుంటుందో అంత, దాంతోపాటు వడ్డీ. లోన్‌లో ధర మొత్తం కడతారు, కానీ చివరికి బండి మీ చేతిలో ఉంటుంది. కాబట్టి రెండింటినీ ఒకే కాలానికి తెచ్చి, ఆ కాలం చివర చేతిలో ఏం మిగిలిందో చూడాలి.

బండి ధర 1000 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. మూడేళ్ల తర్వాత ఉంటుందని లీజు కంపెనీ లెక్కగట్టిన విలువ, అంటే రెసిడ్యువల్ వాల్యూ, 550. లీజులో వడ్డీని లెక్కగట్టే అంకె, అంటే మనీ ఫ్యాక్టర్, 0.0025. తరుగు 450ని 36తో భాగిస్తే నెలకు 12.50. వడ్డీ భాగం (1000 + 550) × 0.0025, అంటే 3.88. రెండూ కలిపితే నెలకు దాదాపు 16.38, మూడేళ్లకు 589.50.

మనీ ఫ్యాక్టర్ చూడ్డానికి చాలా చిన్న అంకె, అందుకే దాని మీద ఎవరి దృష్టీ పడదు. దాన్ని 2400తో గుణించండి, ఏడాది వడ్డీ శాతం వచ్చేస్తుంది: 0.0025 అంటే 6 శాతం. 2400 ఎలా వచ్చిందంటే, సగటు బాకీ మొదటి విలువ, చివరి విలువల మొత్తంలో సగం కాబట్టి 2, నెలలు 12, శాతానికి 100. కొన్ని కొటేషన్లలో ఈ అంకె ఉండదు. అడిగి రాయించుకోండి. చెప్పకపోతే వాయిదాలోంచి తరుగు భాగం తీసేసి, మిగిలినదాన్ని ధర, రెసిడ్యువల్‌ల మొత్తంతో భాగిస్తే మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే 1000కి 6 శాతం వడ్డీతో 60 నెలల లోన్. ఈఎంఐ 19.33. మూడేళ్లలో కట్టేది 696, అప్పటికి ఇంకా మిగిలే అసలు దాదాపు 436. బండి నిజంగానే 550కి అమ్ముడైతే అప్పు తీర్చాక 114 చేతికొస్తుంది. అంటే మీకు అయిన ఖర్చు 582. లీజు 589.50. తేడా లేనట్టే! మూడేళ్లకోసారి బండి మార్చేవాళ్లకి లీజు మోసమూ కాదు, కొనడం పొదుపూ కాదు. లీజు మొదట్లో వేసే ప్రాసెసింగ్ ఫీజు, చివర్లో బండి అప్పగించేటప్పుడు వేసే ఫీజు, అటువైపు అమ్మకంలో పోయే బేరం, ఆ తిరుగుడు శ్రమ, వీటిని బట్టే అటో ఇటో మొగ్గుతుంది.

అసలు తేడా ఆరో ఏడాది నుంచి మొదలవుతుంది. ఎనిమిదేళ్లు అదే బండి నడిపితే 60 వాయిదాలకు 1160 కట్టి, చివర్లో 200కి అమ్మినా నికరంగా పోయింది 960, అంటే నెలకు 10. అదే ఎనిమిదేళ్లూ ఒక లీజు తర్వాత ఇంకో లీజు తీసుకుంటూ పోతే, ధరలు ఒక్క పైసా పెరగవనుకున్నా 1572 అవుతుంది. పాత బండికి టైర్లు, బ్యాటరీ, బ్రేక్ డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, క్లచ్ మార్చాల్సి వస్తుంది, నిజమే. అందుకోసం 200 పక్కన పెట్టినా కొన్నవాళ్లకి 400 పైనే మిగులుతుంది. ఐదేళ్ల లోపు అమ్మేసే అలవాటున్న మనిషి ‘కొనడమే మంచిది’ అని గుడ్డిగా అనుకోవడం ఎంత తప్పో, పదేళ్లు ఒకే బండి నడిపే మనిషి లీజుకి వెళ్లడం అంతకంటే పెద్ద తప్పని నా గట్టి అభిప్రాయం.

లీజులో జనం ఎక్కువగా దెబ్బతినేది కిలోమీటర్ల దగ్గర. ఏడాదికి 15,000 పరిమితి ఉన్నప్పుడు మీరు 20,000 తిరిగితే మూడేళ్లకు 15,000 అదనం. కిలోమీటరుకు 0.005 చొప్పున వేసినా 75 అవుతుంది, అంటే నాలుగున్నర వాయిదాలు ఒకేసారి కట్టినట్టు. మనసులో అంచనా వేసుకోవద్దు. పాత సర్వీసు బిల్లుల మీద రీడింగు రాసి ఉంటుంది, రెండు బిల్లుల మధ్య తేడాని మధ్యలో గడిచిన నెలలతో భాగించండి. ఎక్కువ తిరుగుతారని తేలితే సంతకానికి ముందే పరిమితి పెంచమనండి. అప్పుడు పడే రేటు సాధారణంగా చివర్లో వేసే రేటు కంటే తక్కువ. తక్కువ తిరిగితే డబ్బు వెనక్కివ్వడం మాత్రం అరుదు.

లీజుకి పెద్ద డౌన్ పేమెంట్ కట్టకండి. పై లెక్కలో 100 ముందే కడితే మూడేళ్లలో ఆదా అయ్యే వడ్డీ 9 మాత్రమే. రెండో నెలలో బండి దొంగతనానికి గురైనా, ప్రమాదంలో పూర్తిగా పోయినా, ఇన్సూరెన్స్ సొమ్ము యజమాని అయిన లీజు కంపెనీకే వెళ్తుంది, మీ 100లో చాలావరకు తిరిగి రాదు. 9 కోసం 100ని పణంగా పెట్టడం ఎందుకు? ఇన్సూరెన్స్ ఇచ్చే మార్కెట్ విలువకీ, కంపెనీకి మీరు బాకీ ఉన్నదానికీ మధ్య తేడాని భరించే గ్యాప్ కవర్ అగ్రిమెంట్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

మధ్యలో మానుకోవాల్సి వస్తే ఇంకా కష్టం. కొత్త బండి విలువ మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది, వాయిదాలో తరుగు మాత్రం 36 నెలలకీ సమానంగా పంచి ఉంటుంది. ఏడాదిన్నర దగ్గర ఆగితే మీరు కట్టిన తరుగు తక్కువ, బండి విలువలో నిజంగా పోయింది ఎక్కువ. ఆ తేడాతోపాటు పెనాల్టీ కూడా మీ మీదే పడుతుంది. ఉద్యోగం, ఊరు మారే అవకాశం ఉన్నవాళ్లు ఈ క్లాజ్‌ని రెండుసార్లు చదవాలి. డౌన్ పేమెంట్ లేకుండా సుదీర్ఘ లోన్ తీసుకున్నవాళ్లకీ మొదటి రెండేళ్లలో ఇదే పరిస్థితి, అప్పు బండి విలువ కంటే ఎక్కువగా ఉంటుంది.

లీజు కాలం వారంటీ కంటే పొడవుగా ఉండకూడదు. ఉంటే మీది కాని బండికి మీ డబ్బుతో గేర్‌బాక్స్ బాగు చేయించాల్సి రావచ్చు. సాంకేతికత వేగంగా మారుతూ, పాతబండి ధర ఎటు పోతుందో ఊహించలేని ఎలక్ట్రిక్ బండ్లకి మాత్రం లీజు వైపు నేను మొగ్గుతాను. 550 అనుకున్నది 400కి పడితే ఆ 150 నష్టం లీజు కంపెనీది. పెరిగి 620 అయితే, కొనే హక్కు అగ్రిమెంట్‌లో ఉంటే 550కి మీరే కొనుక్కోవచ్చు.

అప్పగించడానికి రెండు నెలల ముందు బండిని కడిగి, పగటి వెలుతురులో ఒక్కో తలుపూ, బంపర్ అంచులూ, రిమ్ములూ ఫోటోలు తీయండి. టైర్ గాడి లోతు కొలవండి. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 1.6 మిల్లీమీటర్లు, కానీ లీజు అగ్రిమెంట్లు అంతకంటే ఎక్కువ అడగొచ్చు. చిన్న గీతలు, అద్దం మీద పగుళ్లు బయట బాగు చేయించుకుంటే తరచూ కంపెనీ వేసే బిల్లు కంటే తక్కువలో అయిపోతుంది. రెండో తాళంచెవి, సర్వీసు రికార్డు, స్పేర్ టైరు, జాకీ అన్నీ బండిలో ఉన్నాయో లేదో చూసుకుని, అప్పగించిన రోజు రీడింగు రాసిన రసీదు సంతకంతో సహా తీసుకోండి.